అప్పు తీరిన రోజూ పండుగే

(హైదరాబాద్ పాతబస్తీలో, మీరాలం మండికి దగ్గర్లో జరిగిన వృద్ధ రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చకుండా అచ్చు వేస్తున్నాం.)



మీలో చాలామంది తెల్లారకముందే మొయినాబాద్ నుంచి, మహేశ్వరం నుంచి, ఇబ్రహీంపట్నం దిక్కు నుంచి ఆకుకూరల మూటలతో ఆటోల్లో వచ్చారు. సరుకు అమ్ముకొని ఇంటికి పోకుండా ఇక్కడ కూర్చున్నారు. కళ్లు మూతలు పడుతున్న సంగతి నాకు కనబడుతూనే ఉంది. పడుకున్నవాళ్లను లేపొద్దు. మెలకువగా ఉన్నవాళ్లు తర్వాత చెప్పండి.

ముసలితనానికి పైసలు ఎలా అన్నది ఇవాళ్టి విషయం. పొదుపు చేయండి, దుబారా తగ్గించండి అని చెప్పడానికి నేను రాలేదు. ఆ మాట చెప్పినవాడిని మీరు తిట్టుకోవడం నేను చాలాసార్లు విన్నాను. నేను అడగదలచుకున్నది వేరే. రైతు బతుకులో పైసల విషయంలో మంచి రోజులు ఏవి? వాటిని మనం ఎందుకు పండుగ చేసుకోము?

నేను సహకార సంఘంలో పని చేసి రిటైరయ్యాను. ఆ రోజు శాలువా కప్పారు, దండ వేశారు, గోడ గడియారం ఇచ్చారు. అందరూ నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పారు. అందులో సగం అబద్ధాలే, అయినా సంతోషమే అనిపించింది. ఆ సాయంత్రం ఊరికి పోతే మా అన్న పొలంలో మడవ తిప్పుతున్నాడు. నాకంటే ఆరేళ్లు పెద్ద. “అయిపోయిందారా నీ నౌకరి?” అన్నాడు. “అయిపోయింది అన్నా, మరి నీదో?” అన్నాను. పార ఒడ్డు మీద ఆనించి, “నాది నేను పోయిననాడే” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

తెలంగాణలో సర్కారు ఉద్యోగికి 61 ఏళ్లకు పదవీ విరమణ. ఆ తేదీ అతనికి ముందే తెలుసు. కొలువులో చేరిన రోజు నుంచి లెక్క పెట్టుకుంటాడు. రైతుకు తేదీ లేదు, తేదీ లేనిదానికి సన్మానమూ లేదు. అయితే పండుగలే లేవా అంటే, ఉన్నాయి. అవన్నీ ఖర్చు రోజులు. ఈ పాతబస్తీనే చూడండి. బిడ్డ పెండ్లికి బంగారం చార్‌కమాన్ దగ్గర కొంటాం. బట్టలు మదీనా, పత్తర్‌గట్టి దిక్కు. గాజులు లాడ్‌బజార్. సామాన్లు, బిందెలు బేగంబజార్. చుట్టుపక్కల మూడు నాలుగు జిల్లాల రైతుల ఏళ్ల కష్టం మూసీకి అటూ ఇటూ ఈ గల్లీలలోనే చేతులు మారింది. ఆ రోజులు మనకు బాగా గుర్తుంటాయి, ఫోటోలు ఉంటాయి. నేను పెండ్లి వద్దనడం లేదు, బంగారం వద్దనడం లేదు. పైసలు పోయిన రోజుకు ఫోటో ఉంది కదా, పైసలు నిలబడ్డ రోజుకు ఎందుకు లేదు అని అడుగుతున్నాను.

ట్రాక్టరు కొన్న రోజు గుర్తు చేసుకోండి. మామిడాకులు కట్టాం, కొబ్బరికాయ కొట్టాం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. ఊరంతా చూసింది. అది నిజానికి ఏ రోజు? అప్పు మొదలైన రోజు. ఐదేళ్లో ఆరేళ్లో కిస్తీలు కట్టాం. కొన్ని తప్పాయి, ఫైనాన్స్ వాళ్లు ఇంటి ముందు నిలబడ్డారు, చెల్లెలి భర్త దగ్గర చేబదులు తెచ్చి కట్టాం. ఆఖరి కిస్తీ కట్టిన రోజు ఏం చేశాం? రసీదు జేబులో పెట్టుకొని చాయ్ తాగి ఇంటికి వచ్చాం. నిమ్మకాయ ఆ రోజు తొక్కించాల్సింది. ట్రాక్టరు మనదైంది ఆ రోజే కదా.

ఇంకో సంగతి. పండుగ చేసుకోని పని సగంలోనే ఆగుతుంది. ఆఖరి కిస్తీ కట్టినా ఆర్.సి. మీద ఫైనాన్స్ పేరు అలాగే ఉంటుంది. వాళ్ల దగ్గర నో డ్యూ కాగితం, ఫారం 35 తీసుకొని ఆర్టీఏ ఆఫీసులో ఆ పేరు కొట్టేయించాలి. ఎంతమంది కొట్టేయించారు? చేతులు ఎత్తకండి, నాకు తెలుసు. తర్వాత ఎప్పుడో అమ్మబోతే, ఆ ఫైనాన్స్ కంపెనీ ఆఫీసు ఎత్తేసి ఉంటుంది, కాగితం ఇచ్చే దిక్కు ఉండదు. దావత్ ఇస్తామని పది మందికి చెప్పి ఉంటే, అందులో ఒక్కడైనా “ఏదీ, ఆర్.సి. చూపించు” అని అడిగేవాడు.

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. మా నాయన బావికి, మోటారుకు దీర్ఘకాలిక అప్పు తీసుకున్నాడు, భూమి కాగితాలు తాకట్టు పెట్టి. ఏ సంస్థ అన్నది వదిలేయండి. మిత్తితో సహా అంతా కట్టాడు. కాగితాలు రేపు రా, ఎల్లుండి రా అన్నారు. ఏడాదిన్నర తిరిగాడు. కాగితాలు వచ్చిన రోజు వాటిని సంచిలో పెట్టి దూలానికి కట్టి పడుకున్నాడు. అమ్మకు కూడా మరునాడే చెప్పాడు. ఎందుకు చెప్పలేదంటే, “చెప్పుకునే సంగతా అది?” అన్నాడు. అప్పు ఉండడం సిగ్గు, కాబట్టి అప్పు తీరడమూ చెప్పుకోకూడదు. ఆయన లెక్క అది.

ఇప్పుడు దీనికి ఒక నియమం ఉంది. 2023 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఇచ్చింది. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో తాకట్టు పెట్టుకున్న ఆస్తి కాగితాలు తిరిగి ఇవ్వాలి. తమ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. సహకార బ్యాంకులకు, గ్రామీణ బ్యాంకులకు కూడా వర్తిస్తుంది. కాబట్టి అప్పు తీరిన రోజున క్యాలెండరులో ఒక గుర్తు పెట్టండి, ముప్పయ్యో రోజున ఇంకో గుర్తు. ఆ రెండో గుర్తు నాటికి కాగితాలు రాకపోతే సంఘం ఆఫీసుకు రండి, దరఖాస్తు మనం రాసిద్దాం.

బంగారం సంగతి ఇంకా గుట్టు. పుస్తెలతాడు కుదువ పెట్టిన సంగతి ఊరికి తెలియకుండా పసుపు కొమ్ము కట్టుకొని తిరిగిన ఆడవాళ్లు ఈ హాలులో ఉన్నారు. పొరుగూళ్లో కుదువ పెడితే తెలుస్తుందని పట్నం దాకా వచ్చి, ఈ గల్లీలలో సేటు దుకాణంలో పెట్టిపోయారు. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి. 80,000 తెచ్చుకుంటే నెలకు 1,600, ఏడాదికి 19,200. మూడేళ్లు విడిపించకపోతే మిత్తే 57,600. పెట్టడం రహస్యం కాబట్టి, విడిపించడమూ రహస్యమే. మళ్లీ మెడలో తాడు పడిన రోజు ఆ ఇంట్లో అసలైన పెండ్లి రోజు. కానీ ఆమెకు ఎవరూ బొట్టు పెట్టి పసుపు కుంకుమ ఇవ్వరు, ఎందుకంటే ఎవరికీ తెలియదు. గుట్టుగా విడిపించిన బంగారాన్ని గుట్టుగానే మళ్లీ పెట్టడం తేలిక. మొదటిసారి ఏడ్చి పెడతాం. మూడోసారి దారిలో చాయ్ తాగి మరీ పెడతాం. పది మంది ముందు విడిపించిన తాడును మళ్లీ తీసుకుపోవాలంటే కాలు వెనక్కి లాగుతుంది.

ఒక హెచ్చరిక. అన్ని ‘తీరిన’ అప్పులూ తీరినట్టు కాదు. పంట రుణం రెన్యువల్ రోజు మీకు తెలుసు. బయట ఎవరి దగ్గరో ఒకటి రెండు రోజులకు పైసలు తెచ్చి బ్యాంకులో కడతాం, మళ్లీ అక్కడే తీసుకొని వాడికి ఇచ్చేస్తాం. మధ్యలో వాడి మిత్తి వాడికి. బ్యాంకు పుస్తకంలో అప్పు తీరింది, ఇంట్లో తీరలేదు. దానికి దావత్ వద్దు. మాఫీ కూడా అంతే. 2008లో కేంద్రం చేసింది, 2014 తర్వాత రాష్ట్రం లక్ష దాకా నాలుగు విడతల్లో చేసింది, 2024లో జూలై 18న మొదలుపెట్టి 2 లక్షల దాకా చేసింది. అది మనం కొట్లాడి తెచ్చుకున్నది, తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆ రోజు పండుగ ప్రభుత్వానిది, ఫ్లెక్సీలు వాళ్లవి. మాఫీ అయిన మరునాడు ఇంకా ఎంత మిగిలింది, ఎవరికి ఎంత ఇవ్వాలి అని ఇంట్లో కూర్చొని లెక్క చూసుకున్నామా? బయటి అప్పు ఏ మాఫీలోనూ లేదు.

నన్ను అడిగితే అన్నిటికంటే పెద్ద రోజు ఇంకొకటి. విత్తనం, ఎరువు, మందు నగదుకు కొన్న మొదటి సీజను. వినడానికి చిన్నదే. కానీ ఆలోచించండి. దుకాణంలో ఉద్దెర పెడితే ధర వాడిది, మిత్తి వాడిది, చివరకు పంట కూడా వాడికే పోయాలి. మలక్‌పేట మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతుకు నాలుగు అడ్తులు తిరిగి ధర అడిగే హక్కు కాగితం మీద ఉంది. అప్పు ఉన్నవాడి బండి మాత్రం నేరుగా ఒకే అడ్తి ముందు ఆగుతుంది. తక్‌పట్టీలో పాత బాకీ కోసుకొని మిగిలింది చేతిలో పెడతారు. నగదుకు విత్తనం కొన్న రైతు బండి ఎక్కడైనా ఆగుతుంది. ఎకరం భూమికి నగదుకు కొన్నా సరే, మిగతా మూడెకరాలు ఉద్దెర అయినా సరే, ఆ ఎకరం పంట నీ చేతిలో ఉంది. 2025 జనవరి 26 నుంచి రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12,000 అని మొదలుపెట్టారు. ఆ పైసలు వచ్చిన రోజున కొంతైనా విత్తనానికి, ఎరువుకు పక్కన పెట్టగలిగితే, ఆ సీజను పేరు పుస్తకంలో రాసి పెట్టుకోండి. పంట రుణం సమయానికి కడితే 3 లక్షల దాకా నికరంగా 4 శాతం మిత్తే పడుతుంది. లక్షకు ఏడాదికి 4,000. రెండు రూపాయల మిత్తికి అదే లక్ష మీద 24,000. తేడా 20,000. ముసలితనం ఖర్చు ఎక్కడి నుంచి రావాలి అంటే, మొదట ఇక్కడి నుంచి రావాలి.

ఇక ముసలితనం. రైతు వయసును సర్కారు ఎలా చూస్తుందో ఒకసారి వరుసగా చూడండి, విచిత్రంగా ఉంటుంది. 40 ఏళ్లు దాటితే కిసాన్ మాన్‌ధన్ పింఛనులో చేరే తలుపు మూసుకుంటుంది. 57 నిండితే ఆసరా పింఛనుకు అర్హత. 59 దాటితే రైతు బీమా ఆగిపోతుంది. 60కి మాన్‌ధన్ పింఛను మొదలవుతుంది, అదీ చేరి ఉంటే.

రైతు బీమా మంచి పథకం, 2018 ఆగస్టులో మొదలైంది. ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది, రైతు ఏ కారణంతో చనిపోయినా ఇంటికి 5 లక్షలు వస్తాయి. చాలా కుటుంబాలను నిలబెట్టింది. కానీ 18 నుంచి 59 ఏళ్ల మధ్యనే. అంటే పని చేసే వయసులో పోతే 5 లక్షలు, పోకుండా బతికి ముసలివాడైతే ఏమీ లేదు. మా అన్న దీన్ని ఇంకా మోటుగా చెబుతాడు, ఇక్కడ ఆడవాళ్లు ఉన్నారు, వద్దులెండి.

మాన్‌ధన్ 2019 సెప్టెంబరు 12న మొదలుపెట్టారు. ఐదెకరాల లోపు రైతులకు. 18 ఏళ్లకు చేరితే నెలకు 55, 40 ఏళ్లకు చేరితే నెలకు 200. మనం ఎంత కడితే కేంద్రం అంతే కడుతుంది. 60 దాటాక నెలకు 3,000. పింఛను తీసుకుంటూ పోతే భార్యకో భర్తకో సగం, 1,500. 40 ఏళ్ల మనిషి ఇరవై ఏళ్లు కడితే మొత్తం 48,000 అవుతుంది. పింఛను మొదలైన 16 నెలల్లో ఆ డబ్బు తిరిగి వచ్చేసినట్టే. కాబట్టి ఇక్కడ కొడుకులు, కోడళ్లు ఉంటే, 40 నిండకముందే చేరండి, మధ్యలో వద్దనుకున్నా కట్టింది మిత్తితో వస్తుంది. అయితే ఈ మాట కూడా విని పోండి. ఆ 3,000 పెరగదు. ఏడాదికి 6 శాతం చొప్పున ధరలు పెరిగితే, ఇరవై ఏళ్ల తర్వాత ఆ 3,000తో వచ్చే సరుకు ఇవాళ 935 రూపాయలకు వచ్చేంత.  సర్కారు ఉద్యోగికి కరువు భత్యం ఉంది. రైతు పింఛనుకు కరువు లేదట!

అటల్ పెన్షన్ యోజన కూడా ఉంది, 2015 నుంచి. అదీ 40 ఏళ్ల లోపే. 5,000 పింఛను కావాలంటే 18 ఏళ్ల పిల్లవాడు నెలకు 210, 40 ఏళ్లవాడు 1,454 కట్టాలి. తొందరగా మొదలుపెట్టడం ఎందుకో ఆ రెండు అంకెలే చెబుతాయి. మిత్తి సొమ్ము వద్దనుకునే ముస్లిం సోదరులు మీలో ఉన్నారు. ఇవి సరిపడవని మీకు అనిపిస్తే, మేకలు, పాడి, కౌలుకు ఇచ్చే చెలక మీ పింఛను. వాటికీ పుస్తకం ఉండాలి, వాటికీ మైలురాళ్లు ఉంటాయి.

ఆసరా 2,016 రూపాయలు. దానికి మూడెకరాల తరి, ఏడున్నర ఎకరాల ఖుష్కి దాటకూడదు. ఇంట్లో ఒక్కరికే. అందులో 60 నుంచి 79 ఏళ్ల మనిషి కోసం కేంద్రం ఇచ్చే వాటా ఎంతో తెలుసా? 200 రూపాయలు. 2007 నుంచి అదే 200. ఈ మధ్యలో చాయ్ ఎన్నిసార్లు పెరిగిందో మీకు నేను చెప్పాలా?

ఇంత తక్కువైనా, మొదటి పింఛను వచ్చిన రోజు పెద్ద రోజే. మా ఊళ్లో ఒక పెద్దమ్మ మొదటి పింఛనుతో కొడుకు దగ్గర చెయ్యి చాచకుండా మనవడికి చెప్పులు కొనిచ్చింది. ఆమె నడక మారింది, నేను చూశాను. పింఛను అంటే 2,016 కాదు, ఎవరినీ అడగకుండా చేసే 2,016.

ఇప్పుడు అందరికంటే ముసలివాళ్లు వినాల్సిన మాట. భూమి ఎప్పుడు ఇవ్వాలి?

మనకు రిటైర్మెంట్‌కు దగ్గరగా ఉన్న రోజు ఏదైనా ఉంటే, అది పట్టా కొడుకు పేరు మీదికి పోయిన రోజు. తహసీల్దార్ ఆఫీసులో వేలిముద్ర వేసి బయటికి వస్తాం. ఆ రోజు కొడుకు ఇంట్లో కోడి కోస్తారు. తండ్రికి ఏం మిగిలిందో ఎవరూ లెక్క చూడరు. నేను చూసి చెబుతాను. పట్టా మారితే రైతు భరోసా కొడుకు ఖాతాలో పడుతుంది. పీఎం కిసాన్ కింద ఏడాదికి వచ్చే 6,000 తండ్రికి ఆగిపోతుంది. కొడుక్కైనా వస్తుందా అంటే, రాదు. 2019 ఫిబ్రవరి 1 తర్వాత పట్టాదారు అయినవాళ్లకు, తండ్రి చనిపోయి వారసత్వంగా వస్తే తప్ప, ఆ పథకం లేదు. బతికుండగా ఇస్తే ఇద్దరికీ పోతుంది. బ్యాంకులో పంట రుణం తండ్రికి పుట్టదు. రేపు ఆసుపత్రికి 500 కావాలన్నా కోడలు ముఖం చూడాలి.

జర్మనీలో 1957లోనే రైతులకు పింఛను చట్టం వచ్చింది. అందులో ఒక షరతు ఉండేది, పొలం పిల్లలకో ఇంకొకరికో అప్పగిస్తేనే పింఛను. వయసులో ఉన్నవాళ్ల చేతికి సేద్యం రావాలని. అరవై ఏళ్లు నడిచాక, 2018లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ షరతు ఉన్న తీరు చెల్లదంది. అక్కడ కనీసం భూమి ఇస్తే పింఛను వచ్చేది. మన దగ్గర భూమి ఇస్తే ఉన్నవీ పోతాయి.

ఇవ్వొద్దని చెప్పడం లేదు. కొడుకు యాభై ఏళ్లు వచ్చినా తండ్రి పేరు మీదే సేద్యం చేస్తూ, రుణం పుట్టక, బీమా లేక తిరగడం కూడా అన్యాయమే. యాభై ఏళ్ల కొడుకు పోతే, పట్టా తండ్రి పేరు మీద ఉంటే, ఆ 5 లక్షలు కోడలికి రావు. అది కూడా నేను చూశాను. కాబట్టి ఇవ్వండి, కొంత ఇవ్వండి. ఎకరమో అరెకరమో చివరిదాకా మీ పేరు మీదే ఉంచుకోండి, ఆ అరెకరం మీ గోడ గడియారం. ఇచ్చేది గిఫ్టు దస్తావేజుగా ఇస్తే, అందులో ఒక వాక్యం తప్పకుండా రాయించండి: మా తిండి, మందులు, బాగోగులు చూసుకోవాలన్న షరతు మీద ఇస్తున్నాం అని. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. దాని 23వ సెక్షను ప్రకారం, అలా షరతు మీద తీసుకొని చూసుకోకపోతే ఆ దస్తావేజును రద్దు చేయమని మీరు అడగొచ్చు. ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది. పోషణకు నెలకు 10,000 దాకా ఇప్పించే అధికారం ఉంది. 2025 జనవరి 2న సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో కొడుక్కిచ్చిన గిఫ్టును రద్దు చేసి ఆస్తి ఆమెకు తిరిగి ఇప్పించింది. కానీ 2022లో వేరే కేసులో, షరతు ఉన్నట్టు చూపలేదు కాబట్టి రద్దు చేయలేమంది. అందుకే ఆ ఒక్క వాక్యం. కొడుకు ముందు ఎలా రాయిస్తాం అంటారు. మంచి కొడుకైతే ఆ వాక్యం అతనికి అడ్డం కాదు. ఆ రోజున మాత్రం అందరినీ పిలవండి. బిడ్డలను, అల్లుళ్లను కూడా. దస్తావేజు గట్టిగా చదివించండి. శాలువా తండ్రికి ఒకటి, తల్లికి ఒకటి. అది మీ రిటైర్మెంట్ ఫంక్షన్. సాక్షులు అంతమంది ఉంటారు.

పట్నం చుట్టూ ఉన్నవాళ్లకు ఒక మాట, త్వరగా చెబుతాను. ఎయిర్‌పోర్టుకు, ఔటర్ రింగు రోడ్డుకు భూములు పోయినవాళ్లను చూశాం. రేపు రీజినల్ రింగు రోడ్డుకు పోయేవాళ్లూ ఉన్నారు. వద్దని కొట్లాడుతున్నాం, కొట్లాడుతూనే ఉంటాం. కానీ పైసలు చేతికి వస్తే, ఆ రోజు మైలురాయి కాదు, గండం. కార్లు అమ్మేవాళ్లు, ప్లాట్లు అమ్మేవాళ్లు, మిత్తి ఎక్కువ ఇస్తామనేవాళ్లు మనకంటే ముందే ఇంటికి వస్తారు. అగ్రిగోల్డ్‌లో సుమారు 32 లక్షల మంది పైసలు ఇరుక్కున్నాయి. అందులో చిన్న రైతులు, కూలీలు ఎంతమందో మీకు తెలుసు. 60 దాటినవాళ్లకు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పొదుపు పథకం ఉంది. 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం. 10 లక్షలు పెడితే మూడు నెలలకోసారి 20,500 వస్తుంది. ఇంకొకటి, 2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూలులో ఉద్యోగానికో 5 లక్షల ఏకమొత్తానికో బదులుగా, కుటుంబానికి నెలకు కనీసం 2,000 చొప్పున 20 ఏళ్లు, ధరల సూచీతో పెరిగేటట్టు ఇవ్వాలన్న ఎంపిక రాసి ఉంది. సూచీతో పెరిగే పింఛను అన్న మాట రైతు కోసం రాసిన చోటు అదొక్కటే నాకు గుర్తుంది. అదీ భూమి పోగొట్టుకున్నాక. ఆ ఎంపిక ఉందని ఆఫీసరు మీకు చెప్పాడా?

మొన్న కార్యవర్గంలో ఒక తమ్ముడు నాతో గట్టిగా వాదించాడు. “అన్నా, ఇది పట్నం ఉద్యోగస్తుల ముచ్చట. రైతుకు గిట్టుబాటు ధర లేదు. మీరేమో పండుగ చేసుకోమంటారు. తప్పు మనదే అన్నట్టు అవుతుంది” అన్నాడు. అతను అన్నదాంట్లో నిజం ఉంది. 2019 నాటి కేంద్ర సర్వే లెక్క ప్రకారం తెలంగాణలో నూటికి 91.7 వ్యవసాయ కుటుంబాలు అప్పులో ఉన్నాయి, ఆంధ్రప్రదేశ్‌లో 93.2. దేశం మొత్తం మీద 50.2. నూటికి తొంభై మంది అప్పులో ఉంటే, అది ఒక్కొక్కడి దుబారా వల్ల కాదు. ధర వల్ల, కౌలు వల్ల, ఆసుపత్రి వల్ల, బోర్ల వల్ల. కాబట్టి నేను చెప్పేది కూడా పొదుపు పాఠం కాదు. పండుగ అంటే నా దృష్టిలో లెక్క గట్టిగా చదవడం. ఎంత తెచ్చాం, ఎంత మిత్తి కట్టాం, ఎన్నేళ్లు పట్టింది, ఇంటిల్లిపాదికీ వినబడేటట్టు చదవడం. మా అన్న భార్య తాడు మీద మూడేళ్లలో 57,600 మిత్తి కట్టామని మేం అందరం కూర్చొని చదివిన రోజున ఇంట్లో ఎవరూ ఎవరినీ తిట్టలేదు. చిన్నోడు అడిగాడు, “ఆ ఏడాది పత్తి ధర ఎంత వచ్చింది?” అని. ప్రశ్న అక్కడికి పోయింది. ఆ తమ్ముడు కోరేది కూడా అదే కదా.

కేరళలో 2019లో కర్షక సంక్షేమ నిధి చట్టం చేశారు. రైతు నెలకు కనీసం 100 కడతాడు, ప్రభుత్వం తన వాటా కలుపుతుంది, 60 దాటాక పింఛను. అక్కడ ఏది బాగుంది, ఏది సరిగా నడవలేదు అన్నది మన కమిటీ చూస్తోంది. మన కోరికల పత్రంలో మూడు చేర్చాలని నా ప్రతిపాదన. 40 దాటినవాళ్లు కూడా చేరగలిగే రైతు పింఛను, కౌలు రైతుతో సహా. ధరలతో పాటు పెరిగే పింఛను. రైతు బీమా 59 దగ్గర ఆగకుండా ఉండడం. చర్చలో మీరు మార్చండి, కలపండి.

పండుగ ఎలా చేయాలని అడుగుతారు. ఒక్కటే షరతు, దావత్‌కు అప్పు చేయొద్దు. మొన్న ఒకాయన అప్పు తీరిందని మేకను కోసి 18,000 ఖర్చు పెట్టాడు, సగం ఉద్దెర. నా మాట విని చేశానన్నాడు. ఆ పాపం నాకొద్దు. చాయ్, బిస్కెట్ చాలు. పాతబస్తీలో ఉన్నారు, ఉస్మానియా బిస్కెట్ తినండి.

సంఘం ఆఫీసులో ఈ నెల నుంచి ఒక రిజిస్టరు పెడుతున్నాం. తీరిన అప్పు, విడిపించిన బంగారం, తిరిగి వచ్చిన కాగితాలు, మొదటి పింఛను, నగదుకు కొన్న విత్తనం, ఏదైనా సరే వచ్చి రాయించండి. పేరు బయటికి చెప్పొద్దంటే చెప్పం. మొదటి పేజీలో మొదటి పేరు మన మధ్యనే కూర్చుంది. మూడో వరుసలో, పాలకూర సంచి ఒళ్లో పెట్టుకున్న అక్క. ఆమె పోయిన నెల ఇక్కడే ఒక దుకాణంలో తన రెండు గాజులు విడిపించుకుంది. పేరు చెప్పొచ్చా అని అడిగితే, “చెప్పకున్నా ఫర్వాలేదు, గాజులు చూపిస్త” అంది. అక్కా, లే. ముందుకు రా. తువ్వాలు ఎవరి దగ్గర ఉంది? ఇటివ్వండి.